సూదుల డాక్టరూ... మూగ పేషెంటూ!

మీ ఇంట్లో కుక్క ఉందా? పోనీ, పిల్లి? రెండూ లేకపోయినా పక్కింట్లో ఏదో ఒకటి ఉండే ఉంటుంది. అయితే ఈ వారం కబుర్లు మీ కోసమే.

ఈ మధ్య సెల్‌ఫోన్లలో ఒక రకం వీడియోలు తిరుగుతున్నాయి, చూసే ఉంటారు. పొడుగాటి ఒళ్లూ, పొట్టి కాళ్లూ ఉన్న డాష్‌హుండ్ కుక్క ఒకటి దుప్పటి మీద పడుకుని ఉంటుంది. దాని వెన్ను పొడవునా పదో పన్నెండో సన్నని సూదులు నిలబడి ఉంటాయి, ముళ్లపంది వేషం కట్టినట్టు! అరుస్తుందా? కరుస్తుందా? అబ్బే! కళ్లు అరమోడ్చి, కాసేపటికి గుర్రుపెట్టి నిద్రపోతుంది. తర్వాతి సీనులో తోక ఊపుకుంటూ చకచకా మెట్లెక్కేస్తుంది. వెనకాల వయొలిన్లు! కింద సగం మంది 'అద్భుతం' అని రాస్తారు. మిగతా సగం 'పచ్చి మోసం' అని రాస్తారు.

'అదంతా సరే, సినిమా పత్రికలో కుక్కల గోలేమిటి మాస్టారూ?' అంటారా? మీ నాన్నగారి తరం 'అడవి రాముడు' (1977)లో ఏనుగుల్ని చూసి ఈలలు వేసింది. మీరు 'రాజేంద్రుడు గజేంద్రుడు' (1993)ని టీవీలో ఎన్నిసార్లు చూశారో మీకే లెక్క తెలియదు. తెర మీద మూగజీవి కన్నీరు పెడితే హాలంతా ముక్కులు చీదుకునే జాతి మనది. అంతటి జాలి ఉన్న మనమే, మన ఇంటి కుక్క కుంటుతున్నప్పుడు ఎటు పరిగెత్తాలో తెలియక తికమకపడతాం. చేతిలో డబ్బూ, చేజారే సమయమూ రెండూ అప్పుడే పరీక్షకొస్తాయి. అందుకే ఈ సూదుల సంగతి కాస్త తేల్చుకుందాం.

కోట్నీస్ గారి సహచరుడు

ఈ కథలో ఒక ముఖ్యమైన రీలు మన దేశంలోనే ఉంది. శాంతారాం గారి 'డాక్టర్ కోట్నీస్ కీ అమర్ కహానీ' (1946) పేరు వినే ఉంటారు. 1938లో, జపాన్‌తో యుద్ధంలో నలిగిపోతున్న చైనాకి మన దేశం నుంచి అయిదుగురు డాక్టర్ల బృందం వెళ్లింది. వారిలో ద్వారకానాథ్ కోట్నీస్ అక్కడే సేవ చేస్తూ 1942లో కన్నుమూశారు. ఆ పాత్రను శాంతారాం గారే ధరించి, దర్శకత్వమూ ఆయనే వహించారు. అదే బృందంలో బిజయ్ కుమార్ బసు అనే బెంగాలీ డాక్టరు కూడా ఉన్నారు. సినిమా అయిపోయినా ఈయన కథ అయిపోలేదు. తర్వాతి రోజుల్లో మళ్లీ చైనా వెళ్లి ఆక్యుపంక్చర్ నేర్చుకుని వచ్చి, 1959లో కలకత్తాలో ఆ వైద్యం మొదలుపెట్టారు. మన దేశంలో దీనికి పునాదిరాయి పడింది అలా!

అమెరికా వాళ్లకి మాత్రం ఈ ముచ్చట ఇంకో పన్నెండేళ్లకి గానీ తెలియలేదు. 1971 జూలైలో జేమ్స్ రెస్టన్ అనే పేరుమోసిన 'న్యూయార్క్ టైమ్స్' పాత్రికేయుడు పెకింగ్ వెళ్లాడు. వెళ్లినవాడికి అపెండిసైటిస్ నొప్పి వచ్చింది. అక్కడి డాక్టర్లు మామూలుగా మత్తు ఇంజక్షన్లిచ్చే ఆపరేషన్ చేశారు. ఆ మర్నాడు కడుపు ఉబ్బి బాధపడుతుంటే మోచేతి దగ్గరా, మోకాళ్ల కిందా మూడు సూదులు గుచ్చారు. ఉపశమనం కలిగిందని ఆయన తన పత్రికలో రాసుకున్నాడు.

ఉన్నది అంతే! కానీ గాలికబురు ఊరుకుంటుందా? 'మత్తు లేకుండా ఒట్టి సూదులతోనే కడుపు కోశారట' అని ప్రచారమైపోయింది. హీరోగారికి జలుబు చేస్తే షూటింగ్ ఆగిపోయిందనీ, షూటింగ్ ఆగితే సినిమాయే ఆగిపోయిందనీ పుకారు పుట్టదూ? అచ్చం అలాగే. పైగా 1972లో ఇటలీ దర్శకుడు ఆంటోనియోని చైనా వెళ్లి తీసిన 'చుంగ్ కువో' డాక్యుమెంటరీలో, సూదులు గుచ్చి ఒక తల్లికి సిజేరియన్ ఆపరేషన్ చేసే దృశ్యం ఉంది. అదే ఏడాది నిక్సన్ చైనా పర్యటన! ఇంకేముంది, పాశ్చాత్య దేశాల్లో సూదులకి ఒక్కసారిగా స్టార్ హోదా వచ్చేసింది.

మనిషికి వచ్చిన ఫ్యాషన్ మనిషి పెంచుకునే కుక్కకి రాకుండా ఉంటుందా? లాస్ ఏంజెలెస్‌లో జీన్ బ్రూనో, జాన్ ఒట్టావియానో అనే ఇద్దరు సూదుల వైద్యులు కుక్కల మీదా, గుర్రాల మీదా ప్రయత్నాలు మొదలెట్టారు. చిత్రమేమిటంటే వీళ్లు పశువైద్యులు కారు! వీళ్ల దగ్గర చూసి పశువైద్యులు నేర్చుకున్నారు. 1974లో 'అంతర్జాతీయ పశు ఆక్యుపంక్చర్ సంఘం' వెలిసింది. నేటికీ అది పశువైద్యులకి ఈ విద్యలో తరగతులు నడుపుతూనే ఉంది.

గాల్‌బ్లాడర్ లేని గుర్రం!

'వేల ఏళ్లనాటి చైనా పశువైద్యం' అని ప్రకటనల్లో వేస్తుంటారు. దీన్ని కాస్త సెన్సారు చేయాలి సుమా!

చైనాలో గుర్రాలకి వైద్యం చేయడం పాత విద్యే, అనుమానం లేదు. గుర్రాలు లేనిదే సైన్యం లేదు కదా. 1608 నాటి గుర్రాల వైద్యగ్రంథం ఒకటి నేటికీ ఉంది. యూ అనే ఇంటిపేరుగల అన్నదమ్ములిద్దరు రాశారు. అందులో సూదులున్నమాట నిజమే. అయితే చాలా చోట్ల అవి నెత్తురు తీయడానికి వాడేవి, కాల్చి గుచ్చేవి. మన పల్లెల్లో ఎద్దు కుంటితే ఇనుపకడ్డీ కాల్చి వాతలు పెట్టేవారు చూడండి, దానికి దూరపు చుట్టమన్నమాట. నేడు క్లినిక్ గోడ మీద వేలాడే రంగురంగుల కుక్క బొమ్మా, దాని మీద గీసిన 'శక్తి ప్రవహించే దారులూ' మాత్రం చాలావరకు ఇరవయ్యో శతాబ్దపు సరుకే. మనిషి ఒంటి మీది గీతల్ని తీసుకెళ్లి కుక్క ఒంటి మీదా, గుర్రం ఒంటి మీదా అతికించారు.

ఆ అతికించడంలో ఒక తమాషా జరిగింది. మనిషిలో 'గాల్‌బ్లాడర్ దారి' అని ఒకటి ఉంది, అంటే పిత్తాశయానికి సంబంధించిన గీత. దాన్ని గుర్రానికీ గీసేశారు. కానీ గుర్రానికి అసలు పిత్తాశయమే ఉండదు! హీరో లేని సినిమాకి హీరో కటౌట్ కట్టినట్టయింది వ్యవహారం.

ఆ మాటకొస్తే మనుషుల్లోనే ఈ 'బిందువుల' మీద అనుమానాలున్నాయి. 2007లో జర్మనీవాళ్లు 1162 మంది నడుంనొప్పి రోగుల మీద ఒక పెద్ద పరీక్ష ప్రకటించారు. కొందరికి పుస్తకంలో చెప్పిన చోట సూదులు గుచ్చారు. కొందరికి బిందువులు కాని చోట పైపైన గుచ్చారు. మిగిలినవాళ్లకి మందులూ, వ్యాయామాలతో మామూలు వైద్యం చేశారు. సూదుల వాళ్లలో నూటికి సుమారు 48 మందికి గుణం కనబడింది. తప్పు చోట సూదులు పడ్డవాళ్లలో? 44 మందికి! మామూలు వైద్యంలో 27 మందికే. అంటే సూది గుచ్చడంలో ఏదో ఉంది గానీ, ఎక్కడ గుచ్చారన్నది అనుకున్నంత ముఖ్యం కాదన్నమాట.

ఎలుక చెప్పిన సాక్ష్యం

అయితే అంతా బూటకమేనా? తొందరపడకండి. ఇప్పుడు సాక్షి బోనులోకి చిట్టెలుక వస్తోంది.

1976లో టొరంటోలో బ్రూస్ పొమెరాంజ్ అనే శాస్త్రజ్ఞుడు ఎలుకలకి సూదులు గుచ్చి చూస్తే వాటికి నొప్పి తెలియడం తగ్గింది. తర్వాత నాలోక్సోన్ అనే మందిచ్చాడు. మార్ఫిన్ ప్రభావాన్ని విరిచేసే మందు అది. ఇవ్వగానే సూదుల ప్రభావమూ ఎగిరిపోయింది. అంటే సూది గుచ్చినప్పుడు ఒంట్లోనే మార్ఫిన్ లాంటి పదార్థాలు ఊరుతున్నాయన్నమాట. ఎండార్ఫిన్లంటే అవే.

2010లో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు మరో అడుగు ముందుకేశారు. ఎలుక మోకాలి కింద సూది గుచ్చి, ఉండుండి తిప్పుతూ అరగంట ఉంచారు. సూది చుట్టూ కండలో అడినోసిన్ అనే రసాయనం సుమారు 24 రెట్లు పెరిగింది. నొప్పిని అక్కడికక్కడే అణిచే గుణం దానికుంది. అడినోసిన్‌ని అందుకునే ఏర్పాటు పుట్టుకతోనే లేని ఎలుకలకి అదే సూది గుచ్చితే నొప్పి తగ్గనేలేదు.

కాబట్టి సూది గుచ్చినప్పుడు ఒంట్లో కొన్ని మార్పులు జరుగుతాయన్నది నిజం. నరాలు, కండరాలు, రసాయనాలు - వీటితోనే దాన్ని చెప్పుకోవచ్చు. దానికోసం కనబడని శక్తి ప్రవాహాలని నమ్మాల్సిన అవసరం లేదు.

అన్నట్టు, ఒక బిందువు గురించి చెప్పి తీరాలి. కుక్క ముక్కు కింద, పై పెదవి మధ్యలో చిన్న గాడి ఉంటుంది చూడండి, అదే. మత్తులో ఊపిరి ఆగిన కుక్కలకీ, పిల్లులకీ అక్కడ సూది గుచ్చి కదిలించిన కేసుల్ని బెల్జియం పశువైద్యుడు ల్యూక్ జాన్సెన్స్ మరో ఇద్దరితో కలిసి 1979లో ఒక పశువైద్య పత్రికలో ప్రకటించాడు. పోల్చి చూడడానికి సూది గుచ్చని జట్టు అందులో లేదు కాబట్టి దాన్ని రుజువనలేం. అయినా సిజేరియన్‌తో పుట్టి ఊపిరి తీయని కుక్కపిల్లకి ఒళ్లు తుడిచి, ఆక్సిజన్ పెడుతూనే, ఆ గాడిలో ఒక సూది గుచ్చి చూసే పశువైద్యులు ఇప్పటికీ ఉన్నారు.

బంగారు పూసల జోడీ

సూది గుచ్చి తీసేయడం పాత ముచ్చట. ఏకంగా బంగారాన్ని ఒంట్లో పెట్టేసే పద్ధతి కూడా ఉంది! అల్సేషియన్, లాబ్రడార్ లాంటి పెద్ద జాతి కుక్కలకి తుంటి కీలు సరిగ్గా అమరకపోవడం ఒక జబ్బు. వయసు పైబడితే ఆ కీలు అరిగి, లేవలేక మూలుగుతాయి. అలాంటి కుక్కలకి తుంటి చుట్టూ చిన్న చిన్న బంగారు ముక్కలో, పూసలో సూదితో లోపలికి పంపి, శాశ్వతంగా అక్కడే వదిలేస్తారు.

దీని మీద జరిగిన పరీక్షల్లో రెండింటిని చూద్దాం. 2001లో ఫిన్లాండ్‌లో 38 కుక్కల మీద ఒకటి. బంగారం పెట్టినవీ కోలుకున్నాయి, పెట్టనివీ కోలుకున్నాయి, తేడా లేదు! 2006లో నార్వేలో 78 కుక్కల మీద రెండోది. ఇందులో బంగారం పెట్టిన కుక్కలకే నొప్పి బాగా తగ్గిందన్నారు. ఒకే కథని ఇద్దరు దర్శకులు తీస్తే ఒకటి ఫట్టు, ఒకటి హిట్టు!

అదే 2006లో మరి ముగ్గురు పరిశోధకులు అప్పటిదాకా పశువుల ఆక్యుపంక్చర్ మీద వచ్చిన పరీక్షలన్నీ ఒక చోట పోగేశారు. లెక్కలోకి తీసుకోదగ్గవి 31 తేలాయి. అన్నీ చదివి వాళ్లిచ్చిన తీర్పు ఇది: 'వాడమని చెప్పడానికీ గట్టి ఆధారం లేదు, వద్దని చెప్పడానికీ లేదు.' ఆ తర్వాత వచ్చిన పరీక్షల్లోనూ చిన్నవే ఎక్కువ.

మార్నింగ్ షో టాక్

ఇప్పుడు అసలు కిటుకు దగ్గరికి వద్దాం. సినిమా చూసేవాళ్లకి అర్థమైనంత సులువుగా ఇది ఇంకెవరికీ అర్థం కాదు.

సూదుల వైద్యులు ఒక వాదన వినిపిస్తారు. 'మనుషులైతే నమ్మకం వల్ల తగ్గిందనుకోవచ్చు. కుక్కకి నమ్మకమేం తెలుసండీ? దానికి తగ్గిందంటే నిజంగా తగ్గినట్టే కదా!'

వినడానికి ఎంత బాగుందో! నిజమే, కుక్కకి నమ్మకం లేకపోవచ్చు. కానీ తగ్గిందని చెప్పేదెవరు? కుక్క కాదే! దాని యజమాని. ఆ యజమాని ఎవరు? దాని వీరాభిమాని!

అభిమాని కళ్లెలా ఉంటాయో మనకి తెలియనిదా? మార్నింగ్ షో చూసి బయటికొచ్చిన అభిమానిని 'ఎలా ఉందిరా?' అని అడిగి చూడండి. 'కుమ్మేశాడు! వంద రోజులు గ్యారంటీ!' అంటాడు. వాడు అబద్ధం ఆడుతున్నాడా? లేదు. వాడి కంటికి అలాగే కనబడింది పాపం! టిక్కెట్టుకి వందలు పోశాడు, తెల్లవారుజామునే లేచి లైన్లో నిలబడ్డాడు, కటౌట్‌కి దండ వేశాడు. ఇన్ని చేశాక బాగాలేదని మనసొప్పుతుందా? నిజం సోమవారం నాడు, కలెక్షన్ల లెక్కలొచ్చాక తెలుస్తుంది.

కుక్కల్లోనూ ఈ సోమవారం లెక్క ఒకటుంది. నేలలో అమర్చిన బల్లలాంటి యంత్రం మీద కుక్కని నడిపిస్తారు. ఏ కాలి మీద ఎంత బరువు మోపిందో యంత్రం కచ్చితంగా చెబుతుంది. కాలు నొప్పిగా ఉంటే దాని మీద బరువు తక్కువ పడుతుంది. యంత్రానికి అభిమానం ఉండదు.

2012లో అమెరికాలో ఇద్దరు పశువైద్యులు ఒక విషయం బయటపెట్టారు. కీళ్లు అరిగి కుంటుతున్న 58 కుక్కలకి ఒక మందుల పరీక్షలో ఉత్తుత్తి మందే ఇచ్చారు. ఏది అసలు మందో, ఏది ఉత్తదో యజమానులకి తెలియదు. యంత్రం 'మార్పు లేదు' అంటున్న చోట కూడా, నూటికి సుమారు నలభై సార్లు యజమానులు 'మా కుక్క బాగా నడుస్తోంది' అన్నారు. ఆగండి, ఇంకా ఉంది. కుక్కని నడిపించి చూసిన పశువైద్యులు కూడా ఇంచుమించు అంతే తరచుగా 'మెరుగు' అనేశారు! డాక్టరుగారు కూడా అభిమాన సంఘంలో సభ్యుడేనన్నమాట.

ఇంకో తిరకాసు చూడండి. కీళ్ల నొప్పి ఒకలా ఉండదు. ఒక వారం ఎక్కువ, ఒక వారం తక్కువ. మనం కుక్కని డాక్టరు దగ్గరికి ఎప్పుడు తీసుకెళతాం? అది బొత్తిగా లేవలేని రోజున. ఆ తర్వాత ఏమీ చేయకపోయినా వారానికి కొంచెం తేరుకునేదే. మధ్యలో సూది పడింది కాబట్టి కీర్తి సూదికి పోయింది. వరసగా మూడు ఫ్లాపులిచ్చిన హీరోగారు ఉంగరం మారుస్తారు. నాలుగోది కాస్త ఆడుతుంది. 'చూశారా, ఉంగరం మహిమ!' అంటారు. ఇదీ అంతే!

ఇక్కడ నష్టం డబ్బొక్కటే అయితే నేనింత రాయను. కుక్క నిజంగా బాధపడుతూనే ఉంటే, మనం మాత్రం 'తగ్గిపోయింది' అని సంతోషంగా ఉంటే? అసలు మందు మానేస్తే? నోరున్న మనిషయితే 'బాబూ, ఇంకా నొప్పిగానే ఉంది' అంటాడు. దానికి నోరు లేదు. మన ప్రేమే దాని నొప్పికి తెర కట్టేస్తుంది. అందుకే ఈ విషయంలో జాగ్రత్తగా ఉండాలి.

నడుం పడిపోయిన కుక్కలు

మొదట చెప్పిన డాష్‌హుండ్ వీడియోకి వద్దాం. ఈ జాతికి వెన్నుపూసల మధ్య ఉండే డిస్కు త్వరగా గట్టిపడి, పగిలి, వెన్నుపాముని నొక్కేస్తుంది. నిన్న గంతులేసిన కుక్క ఈరోజు వెనక కాళ్లు ఈడుస్తుంది.

2010లో బ్రెజిల్ పశువైద్యులు ఇలాంటి 40 కుక్కల లెక్క ప్రకటించారు. అన్నీ చాలాకాలంగా, తీవ్రంగా కాళ్లు పడిపోయినవే. సూదులకి సన్నని కరెంటు కలిపి చికిత్స చేసిన 19లో 15 నడిచాయి. ఆపరేషనూ, సూదులూ రెండూ చేసిన 11లో 8 నడిచాయి. ఒట్టి ఆపరేషన్ చేసిన 10లో 4 మాత్రమే. చూడగానే ఎవరికైనా రోమాలు నిక్కబొడుచుకుంటాయి. కానీ ఏ కుక్కకి ఏ చికిత్స అన్నది చీటీ వేసి తేల్చలేదు. కుక్కలూ కొన్నే. పైగా డిస్కు జబ్బులో కాళ్లకి ఇంకా స్పర్శ ఉన్న కుక్కలు పంజరంలో కదలకుండా విశ్రాంతిగా ఉంచితే వాటంతటవే లేచినవీ చాలా ఉన్నాయి. ఈ లెక్క ఆశ పుట్టిస్తుంది, అంతవరకే. దీన్ని నమ్మి ఆపరేషన్ మానేయడం సాహసం.

ముఖ్యంగా ఒకటి గుర్తుంచుకోండి. కుక్క హఠాత్తుగా వెనక కాళ్లు ఈడ్చిందా, వేళ్లు గట్టిగా గిల్లినా దానికి తెలియడం లేదా... అది గంటల మీద లెక్క! ఆరోజే ఆస్పత్రికి పరిగెత్తాలి. సూదుల అపాయింట్‌మెంటు కోసం వారం ఆగితే, ఆ వారమే దాని నడకని తీసుకుపోవచ్చు.

మీ కుక్కకైతే ఏం చేయాలి?

మొదటి మాట: కుంటు ఒక జబ్బు కాదు, గుర్తు మాత్రమే. పాదంలో ముల్లు కావచ్చు, విరిగిన ఎముక కావచ్చు, గోమార్లు, పిడుదులు తెచ్చిన జ్వరం కావచ్చు, కీళ్ల అరుగుదల కావచ్చు, ఎముకలో క్యాన్సరూ కావచ్చు. ఎక్స్‌రే తీయకుండా, నెత్తురు చూడకుండా సూది తీసేవాడి దగ్గరికి వెళ్లొద్దు. కథ వినకుండా క్లాప్ కొట్టే దర్శకుణ్ణి నిర్మాత నమ్ముతాడా?

రెండో మాట: మన దేశంలో 1984 నాటి పశువైద్య మండలి చట్టం ఉంది. జంతువులకి వైద్యం చేయాలంటే రిజిస్టరైన పశువైద్యుడై ఉండాలి. మనుషులకి సూదులు గుచ్చే సర్టిఫికెట్ గోడకి వేలాడుతున్నంత మాత్రాన కుక్కకి గుచ్చే అర్హత రాదు. పశువైద్యుడై, ఆ పైన ఈ విద్య నేర్చినవారైతే సరే. సూది ఒకసారికే వాడే కొత్తదై ఉండాలి. గడ్డ ఉన్న చోటా, పుండున్న చోటా గుచ్చకూడదు. చూలుతో ఉంటే ముందే చెప్పాలి.

మూడో మాట: ఇంటి మందుల పెట్టె జోలికి పోకండి. మీకు జ్వరమొస్తే వేసుకునే పారాసెటమాల్ పిల్లికి విషం! ఒక్క మాత్ర చాలు ప్రాణం తీయడానికి. ఇబుప్రోఫెన్ కుక్క కడుపుకీ, మూత్రపిండాలకీ శత్రువు. జంతువుల కీళ్ల నొప్పికి వేరే మందులున్నాయి, అవి డాక్టరు రాయాల్సినవి.

నాలుగో మాట ఖర్చు లేనిది: లావుగా ఉంటే తగ్గించండి. 2010లో బొద్దు కుక్కల మీద చేసిన ఒక పరిశీలనలో ఒంటి బరువు నూటికి 6 నుంచి 9 పాళ్లు తగ్గేసరికే కుంటు తగ్గింది. అది కూడా అభిమాని కంటితో పాటు యంత్రం పట్టుకున్న తగ్గుదల! మనమేం చేస్తున్నాం? పెరుగన్నం ఒక ముద్ద, టీలో ముంచిన బిస్కెట్టు ఒకటి, పండక్కి అరిసె ముక్క... ప్రేమకొద్దీ పెట్టేదంతా దాని మోకాళ్లే మోయాలి.

ఇవన్నీ చూసుకున్నాక, డాక్టరుగారు మందులు నడుపుతూ, 'పక్కన సూదులు కూడా ప్రయత్నిద్దాం' అంటే నిరభ్యంతరంగా ప్రయత్నించండి. చేతి వాటం ఉన్నవారు గుచ్చితే హాని తక్కువ. చాలా కుక్కలు హాయిగా కునుకు తీస్తాయి కూడా. కాకపోతే మీరు అభిమాని అన్న సంగతి మరచిపోకుండా ఈ మూడు పనులు చేయండి.

ఒకటి, మొదటి సూది పడకముందే వీడియో తీయండి. అదే మెట్లు, అదే వేళ, అదే నడక. నెల తర్వాత మళ్లీ అదే తీయండి. రెండింటినీ కుక్కకి ఏ వైద్యం జరుగుతోందో తెలియని వాళ్లకి చూపించండి. ఏది ముందు, ఏది తర్వాత అని చెప్పకుండా, 'ఏది బాగుంది?' అని మాత్రం అడగండి. వాళ్లే మీ సోమవారం కలెక్షన్లు!

రెండు, ఒక నోటుపుస్తకం పెట్టండి. పొద్దున లేవడానికి ఎన్ని ప్రయత్నాలు చేసింది, మంచం ఎక్కిందా, మెట్ల దగ్గర ఆగిందా, ఒకే చోట పదే పదే నాకుతోందా. పిల్లి అయితే ఎంత ఎత్తు దూకుతోంది, ఒళ్లు శుభ్రం చేసుకోవడం మానేసిందా. 'బాగుంది', 'బాగాలేదు' అని రాయొద్దు. అంకెలే రాయండి.

మూడు, ఎన్నిసార్లు వెళతారో ముందే నిర్ణయించుకోండి. నాలుగో, ఆరో అనుకోండి. అన్నిసార్లయ్యాక నోటుపుస్తకంలో అంకె మారకపోతే నమస్కారం పెట్టి ఆపేయండి. 'ఇంకో నాలుగు చూద్దాం' అంటే ఆడని సినిమాని సొంత డబ్బుతో వంద రోజులు ఆడించినట్టే!

ఇంకొక్క మాట చెప్పి సెలవు తీసుకుంటాను. ఏ సూది మీద ఎన్ని తగాదాలున్నా, ఒక సూది మీద మాత్రం తగాదా లేదు. అది టీకా సూది. పార్వో, డిస్టెంపర్, అన్నిటికన్నా ముఖ్యంగా రేబీస్. ఆ జబ్బు లక్షణాలు మొదలయ్యాక కుక్కకైనా, మనిషికైనా దాదాపు చావే. మీ ఇంటి మూగ పేషెంటు కార్డు తీసి చూడండి, ఆ తారీఖు దాటిపోయిందేమో!

వచ్చేవారం మళ్లీ కలుద్దాం.